మోకాలు తలుపు బందు కాదండీ!

మోకాలంటే తలుపు బందులాంటిదని మనలో చాలామందిమి అనుకుంటాం. ముడిస్తే ముడుచుకుంటుంది, చాపితే సాగుతుంది, అంతే కదా అని. కాదండీ. కావాలంటే కుర్చీలో కూర్చుని, మోకాలి చిప్ప కింద వేళ్లు పెట్టి, పాదాన్ని కుడికీ ఎడమకీ తిప్పి చూడండి. కాలి ఎముక తిరగడం చేతికి తెలుస్తుంది. అదే కాలు బారచాపి తిప్పండి, ఈసారి తిరిగేది తుంటి దగ్గర. కాలు పూర్తిగా చాచేసరికి మోకాలు చివర్లో కాస్త మెలితిరిగి బిగుసుకుంటుంది. పొయ్యి దగ్గర గంటలకొద్దీ నిలబడగలుగుతున్నామంటే అందుకే.

మా అత్తగారికి మోకాళ్లు అరిగిపోయి ఆపరేషన్ మాట వచ్చినప్పుడు డాక్టరుగారు ప్లాస్టిక్ బొమ్మ పెట్టి చూపించారు. నాకైతే అప్పడాల కర్ర గుర్తొచ్చింది. పీటమీద కర్రని దొర్లిస్తూ పోతే అంచు దాటి పడిపోతుందిగా! మోకాలు ముడిచినప్పుడు తొడ ఎముక అలా పడిపోకుండా, దొర్లుతూనే జారుతుంది కూడా. అదీ రెండు వైపులా ఒకేలా కాదు. లోపలివైపు దాదాపు ఉన్నచోటే ఉంటుంది, బయటివైపు ఎక్కువగా వెనక్కి పోతుంది.

1950లలో స్వీడన్‌లో వాల్డియస్ అనే డాక్టరు అచ్చం బందులాంటి లోహపు కీలే పెట్టారు. మెలి తిరిగే బలమంతా ఎముకలో దిగిన కాడ మీద పడి అలాంటివి వదులైపోయేవి. మోకాలి కదలికకు ఒకే కేంద్రం లేదన్న సంగతి మీదే 1971లో ఫ్రాంక్ గన్‌స్టన్ తన కొత్త కీలు గురించి రాశారు. ఇప్పుడు చాలావరకు అరిగిన ఎముకల చివర్లు మాత్రం చెక్కి, లోహపు తొడుగులు వేసి, మధ్య గట్టి ప్లాస్టిక్ పెడతారు. మోకాలంతా కోసి పారేస్తారన్నది వట్టి భయం.

నడకకి మోకాలు 60, 70 డిగ్రీలు వంగితే చాలు. మెట్లకి 90 పైచిలుకు కావాలి. గొంతుక్కూర్చోవాలంటే 130 దాటాలి. కొత్త మోకాలు సాధారణంగా 110, 120 దాకా వంగుతుంది. ముందునుంచీ బిగుసుకుపోయిన కాలైతే ఇంకా తక్కువే. కాబట్టి "నొప్పి పోతుందా?" అని మాత్రమే అడిగి ఊరుకోకండి. "ఎంత వంగుతుంది?" అనీ అడగండి. ఖర్చు సంగతి కూడా. 2017 ఆగస్టులో కేంద్రం ధర కట్టడి చేసింది పరికరానికే, గదికీ ఆపరేషన్‌కీ కాదు.

"వ్రతానికి పీటమీద కూర్చోవచ్చా?" అని మా అత్తగారు అడిగారు. "కుర్చీలో కూర్చోండమ్మా" అన్నారాయన. ఆవిడ రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మూడోరోజు, "ఇప్పుడు మాత్రం పీటమీద కూర్చుంటున్నానా ఏమిటి, తేదీ అడుగు" అన్నారు.

ఆవిడ ఇంటికి వచ్చేలోగా కమోడ్ పెట్టించి, దేవుడి పటాలు బల్లమీదకి ఎక్కించాం. కత్తిపీట అటకెక్కింది. ఇప్పుడు బజారుదాకా నడిచి వెళ్లొస్తున్నారు. చాకుతో తరిగితే వంకాయ రుచే పోతుందని నన్ను మాత్రం రోజూ సాధిస్తూనే ఉన్నారు!