ఆటోనగరంలో పాము బెల్టు

విజయవాడ అనగానే మీకు ఏమేమి జ్ఞాపకం వస్తాయి? ఇంద్రకీలాద్రి మీద కనకదుర్గమ్మ గుడి, కృష్ణ మీద ప్రకాశం బ్యారేజి, ఎప్పుడు చూసినా రైళ్ళతో కిటకిటలాడే పెద్ద స్టేషను. అవునా? అవన్నీ చూసి వచ్చినవారు మీలో చాలామంది ఉంటారు. కాని యాత్రకు వెళ్ళినవాళ్ళు తొంగి అయినా చూడని పేట ఒకటి ఆ ఊళ్ళో ఉన్నది. దాని పేరు జవహర్ ఆటోనగర్. ఈ నెల మనం అక్కడికి పోయి వద్దాం.

పెద్ద బస్‌స్టాండులో దిగి, బందరు రోడ్డు పట్టుకుని తూర్పుగా వెళ్ళండి. బెంజి సర్కిలు వస్తుంది, తరవాత పటమట వస్తుంది. ఇంకా కొంచెం ముందుకు పోతే ఎడమచేతి వైపున ఆటోనగర్ గేటు. లోపల అడుగు పెట్టారో లేదో, మీ చెవులకూ ముక్కుకూ పని తగులుతుంది. ఒకచోట సుత్తి దెబ్బలు, ఒకచోట వెల్డింగు మెరుపులు, మరొకచోట కొత్త రంగు వాసన. ఈ వీధిలో లారీలకు బాడీలు కడుతున్నారు. ఆ వీధిలో కమాను కట్టలు సరిచేస్తున్నారు. బేరింగులు, గేర్లు, పాత టైర్లు కొట్ల నిండా పేర్చి ఉంటాయి. బళ్ళకు మరమ్మతు చేసే పేటలలో ఇది ఆసియాలోకెల్లా పెద్దవాటిలో ఒకటని చెప్పుకుంటారు.

ఇంత పెద్ద పేట ఇక్కడే ఎందుకు వెలిసింది? దేశపటం తీసి చూడండి. కోల్‌కతా నుంచి చెన్నై పోయే రోడ్డూ, హైదరాబాదు నుంచి బందరు పోయే రోడ్డూ విజయవాడలోనే కలుసుకుంటాయి. నాలుగు దిక్కుల లారీలూ ఈ ఊరు దాటి పోవలసిందే. దాటిపోయే బండికి ఏదో ఒక మరమ్మతు ఉండనే ఉంటుంది. అందుచేత పనివాళ్ళు ఇక్కడ చేరారు. 1960 తరవాతి సంవత్సరాలలో ఊరి అంచున వారికోసం ఈ పేట వెలిసింది.

ఇక్కడ కార్ల మెకానిక్కులు కూడా ఉన్నారు. రండి, ఒక షెడ్డు ముందు నిలబడి చూద్దాం. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడండి. యంత్రాల దగ్గర అది మంచి అలవాటు.

ఇదిగో, తెల్ల టాక్సీ ఒకటి కీచుకీచుమంటూ వచ్చి ఆగింది. డ్రైవరు గబగబా దిగాడు.

"మేస్త్రిగారూ, హనుమాన్ జంక్షన్ దగ్గర్నుంచి బ్యాటరీ దీపం ఎర్రగా వెలిగి ఆరుతోందండీ. సాయంత్రం ఆరింటికి పెళ్ళివారిని బందరు తీసుకెళ్ళాలి. బయానా కూడా పుచ్చుకున్నాను," అన్నాడు.

మేస్త్రి ఇంజను ఆపించి, బానెట్టు ఎత్తి, టార్చి వేసి చూశాడు.

"బెల్టు పోతోందయ్యా! రెండు గట్లు ఊడి వేళ్ళాడుతున్నాయి. అదృష్టవంతుడివి, దారిలో తెగలేదు," అన్నాడు.

ఒక్క రబ్బరు బెల్టు తెగితే అంత ప్రమాదమా అని మీరు అడగవచ్చు. మీ ఇంట్లో కుట్టుమిషను ఉంటే చూడండి. కింది పెద్ద చక్రం తిరిగితే పై చిన్న చక్రం తిరుగుతుంది. రెండిటినీ కలిపేది ఒక బెల్టు. పాత రైసుమిల్లులో అయితే ఒకే ఇంజను నుంచి బెల్టుల మీదుగా మిల్లు యావత్తూ తిరిగేది. కారులో కూడా అంతే. ఇంజను ముందు భాగాన కింద ఒక పుల్లీ ఉంటుంది. ఇంజను నడుస్తున్నంతసేపూ అది తిరుగుతూ ఉంటుంది. దాని మీదుగా పోయే బెల్టు మిగతా పుల్లీలను తిప్పుతుంది. ఆ పుల్లీలలో ఒకటి ఆల్టర్నేటరుది. అది కరెంటు పుట్టించి బ్యాటరీని నింపుతుంది. ఒకటి ఏ.సి. కంప్రెసరుది. చాలా కార్లలో ఇంజనును చల్లబరిచే నీళ్ళ పంపును కూడా ఈ బెల్టే తిప్పుతుంది. కొన్నిటిలో స్టీరింగును తేలిక చేసే పంపు కూడా దీని మీదే ఆధారపడి ఉంటుంది.

ఇప్పుడు బెల్టు తెగిందనుకోండి. ఏ.సి. ఆగిపోతుంది, ఫరవాలేదు. బ్యాటరీ నిండదు, కొంతదూరం పోవచ్చు. కాని నీళ్ళ పంపు ఆగితే కొద్ది నిమిషాలలోనే ఇంజను కాగిపోతుంది. అప్పటికీ ఆపకపోతే ఇంజను తలభాగం వంకర పోతుంది. బెల్టుకు అయ్యే ఖర్చు ఎక్కడ, ఇంజనుకు అయ్యే ఖర్చు ఎక్కడ! టాక్సీ మీద బతికే మనిషికి అది నెలల సంపాదన.

పాత అంబాసిడర్ కారులో ఈ బెల్టు చాలా చిన్నది. ఇంగ్లీషు 'వి' అక్షరంలాగా కిందికి సన్నబడి, మూడు పుల్లీల చుట్టూ ముక్కోణంగా తిరిగేది. అటువంటి 'వి' బెల్టును అమెరికాలోని డెన్వరు నగరంలో జాన్ గేట్స్ అనే ఆయన 1917లో తయారు చేశాడు. తరవాత కార్లకు పంపులు పెరిగాయి, ఏ.సి.లు వచ్చాయి. ఒక్కొక్కదానికి ఒక్కొక్క బెల్టు పెడితే మార్చడం కష్టం, చోటూ చాలదు. అందుకని అన్నిటినీ తిప్పే ఒకే పొడుగాటి బెల్టును కనిపెట్టారు. ఫోర్డు కంపెనీ 1979లో మస్టాంగ్ కార్లకు దీన్ని అమర్చింది. ఇది పుల్లీల మధ్య పాములాగా మెలికలు తిరుగుతుంది గనుక దీన్ని సర్పెంటైన్ బెల్టు, అంటే పాము బెల్టు, అన్నారు. మన షెడ్లలో మాత్రం చాలామంది ఇంకా 'ఫ్యాన్ బెల్టు' అనే అంటారు.

ఈ బెల్టు కడుపువైపు చూస్తే దున్నిన పొలంలాగా ఉంటుంది: నిలువునా గట్లు, మధ్య చాళ్ళు. పుల్లీ మీద కూడా అటువంటి చాళ్ళే ఉంటాయి. బెల్టు గట్లు పుల్లీ చాళ్ళలోకి దిగి బిగుసుకుంటాయి. అందుచేత జారదు. బెల్టు ఎంత వేగంగా పోతుందో లెక్క వేద్దామా? కింది పుల్లీ అడ్డుకొలత 15 సెంటీమీటర్లు అనుకోండి. అది ఒక చుట్టు తిరిగితే బెల్టు 47 సెంటీమీటర్లు పోతుంది. నిమిషానికి 3,000 చుట్లు తిరిగితే గంటకు దాదాపు 85 కిలోమీటర్లు! కారు పోతున్నంత వేగంగా బెల్టు కూడా బానెట్టు కిందే పరుగు పెడుతూ ఉంటుందన్నమాట. అందుకే ఇంజను నడుస్తుండగా అక్కడ చెయ్యి పెట్టకూడదు.

ఇంజను చల్లారేలోగా మేస్త్రి తాళంచెవి తీసి తన జేబులో వేసుకున్నాడు. బ్యాటరీ తీగ ఒకటి విప్పాడు. అతని శిష్యుడు, ఐ.టి.ఐ. చదివిన కుర్రవాడు, బెల్టు పోయే దారిని సుద్దముక్కతో పలక మీద గీసుకున్నాడు. తరవాత మేస్త్రి పొడుగాటి పానా తీసుకుని టెన్షనరును పక్కకు తిప్పాడు. టెన్షనరంటే స్ప్రింగు ఉన్న చెయ్యి. అది బెల్టును ఎప్పుడూ తగినంత బిగువుగా నొక్కి ఉంచుతుంది. అది పక్కకు తిరగ్గానే బెల్టు వదులై ఊడివచ్చింది.

పాత బెల్టు వీపు మీద కొన్ని అక్షరాలున్నాయి: 6పి.కె.17... మిగతావి అరిగిపోయాయి. మొదటి 6 అంటే ఆరు గట్లు. పి.కె. అంటే గట్ల ఆకారమూ కొలతా. ఒక గట్టు నడుమ నుంచి పక్క గట్టు నడుమకు మూడున్నర మిల్లీమీటర్ల పైచిల్లర. చివరి అంకెలు పొడవు, మిల్లీమీటర్లలో.

శిష్యుడు పక్క కొట్టుకు పరుగెత్తి ఒక కొత్త బెల్టు తెచ్చాడు. దాని మీద 6పి.కె.1780 అని ఉన్నది.

"గురువుగారూ, ఉన్నది ఇదొక్కటే. పాతదాని పక్కన పెడితే మూడు సెంటీమీటర్లు ఎక్కువ. రబ్బరే గదా, సర్దుకుపోదా?" అన్నాడు.

"వేసెయ్యండి మేస్త్రిగారూ, టైమవుతోంది," అన్నాడు డ్రైవరు.

మేస్త్రి తల అడ్డంగా ఊపాడు. "పైన రబ్బరు, లోపల గట్టి దారపు పోగులు. అవి సాగవు, కుంచించుకోవు. బెల్టు పొడవైతే టెన్షనరు చెయ్యి చివరికంటా పోయి ఆగిపోతుంది. ఇక నొక్కడానికి ఏముంటుంది? బెల్టు జారుతుంది, కాలుతుంది. పొట్టిదైతే ఎక్కనే ఎక్కదు. బలవంతాన ఎక్కించినా బేరింగులు తినేస్తుంది. నీ ఆర్.సి. ఇలా ఇయ్యి."

ఆర్.సి. ఎందుకు? ఒకే పేరుగల కారులో పెట్రోలు ఇంజను ఉండవచ్చు, డీజిలు ఇంజను ఉండవచ్చు. ఏ.సి. ఉన్నదానికి ఒక పొడవు, లేనిదానికి ఒక పొడవు ఉండవచ్చు. కారు రకమూ, తయారైన సంవత్సరమూ, ఇంజను రకమూ చెప్తే కొట్టువాళ్ళు కంపెనీ పట్టిక చూసి సరైన నంబరు చెప్తారు. కంటి అందాజు ఇక్కడ పనికిరాదు. మేస్త్రి ఫోను చేసి వివరాలు చెప్పాడు. 6పి.కె.1750 అని జవాబు వచ్చింది. మూడు వీధుల అవతల ఒక కొట్టులో ఉన్నది. శిష్యుడు సైకిలెక్కాడు.

ఈలోగా మేస్త్రి ఊరుకోలేదు. ఒక్కొక్క పుల్లీనీ చేత్తో తిప్పి చూశాడు. అన్నీ మెత్తగా తిరిగాయి. బెల్టుకు దారి చూపే నున్నటి చిన్న పుల్లీ మాత్రం గరగరమన్నది.

"బెల్టును తిన్నది ఇదే. దీన్ని కూడా మార్చాలి," అన్నాడు.

డ్రైవరు మొహం వాడిపోయింది. "బెల్టు ఒక్కటే అనుకున్నానండీ. తరవాత చూద్దాంలెండి," అన్నాడు.

మేస్త్రి వాదించలేదు. "నువ్వే తిప్పి చూడు," అన్నాడు.

డ్రైవరు తిప్పాడు. ఇసుక పోసిన తిరగలిలాగా తగిలింది. ఒక నిమిషం ఊరుకుని, "సరే, మార్చండి. పెళ్ళివారిలో చిన్నపిల్లలున్నారు," అన్నాడు.

కొత్త పుల్లీ, కొత్త బెల్టు వచ్చాయి. ఇప్పుడు పలక మీది బొమ్మ పనికి వచ్చింది. ఇందులో ఒక చిన్న సూత్రమున్నది, గుర్తుంచుకోండి: చాళ్ళున్న పుల్లీకి బెల్టు కడుపు ఆనాలి; నున్నటి పుల్లీకి వీపు ఆనాలి. మెలిక తప్పితే ఏదో ఒక పుల్లీ ఎదురు తిరుగుతుంది. నీళ్ళ పంపు ఎదురు తిరిగితే ఇంజను సరిగా చల్లబడదు. మేస్త్రి కింది నుంచి మొదలుపెట్టి, చివరికి నున్నటి పుల్లీ మీదికి బెల్టు జార్చి, టెన్షనరును మెల్లగా వదిలాడు.

పని అయిపోయిందా? లేదు. ప్రతి పుల్లీ అంచునా వేలు పెట్టి, ఆరు గట్లూ ఆరు చాళ్ళలో ఉన్నాయో లేదో తడిమి చూశాడు. ఒక్క గట్టు పక్కకు తప్పినా అంచు చీరుకుపోయి బెల్టు కొద్దిసేపట్లోనే పాడవుతుంది. తరవాత కింది పుల్లీ నట్టుకు పానా వేసి ఇంజనును చేత్తోనే రెండు చుట్లు తిప్పాడు. మళ్ళీ చూశాడు. అప్పుడు గాని బ్యాటరీ తీగ తగిలించి తాళంచెవి ఇవ్వలేదు.

డ్రైవరు స్టార్టు చేశాడు. ఎర్ర దీపం వెలిగింది, ఆరింది, మళ్ళీ వెలగలేదు. కీచుమనే చప్పుడు లేదు. అప్పటికి టైము నాలుగున్నర. మేస్త్రి ఒక కాగితం మీద బెల్టు నంబరూ, తేదీ, కారు తిరిగిన కిలోమీటర్లూ రాసి బానెట్టు లోపల అంటించాడు. "ఇంకోసారి ఏ ఊళ్ళో ఆగినా ఇది చూపించు. వెతుక్కునే పని ఉండదు," అన్నాడు.

పిల్లలూ, మీ ఇంట్లో కారు ఉంటే ఒక పని చెయ్యండి. ఇంజను ఆపి, చల్లారి, తాళంచెవి మీ నాన్నగారి చేతిలో ఉన్నప్పుడు బానెట్టు ఎత్తించి, ఆ బెల్టు ఎక్కడున్నదో చూపమనండి. తాకకుండా దూరం నుంచే చూడండి. బెల్టు దారి బొమ్మ బానెట్టు లోపల అంటించి ఉన్నదేమో వెతకండి. బ్యాటరీతోనే నడిచే కారయితే ఇంజనే ఉండదు గనుక ఈ బెల్టు మీకు కనిపించదు. పొద్దున్నే స్టార్టు చేసినప్పుడు కారు కీచుమంటే "అదే పోతుందిలే" అని పెద్దలు అనవచ్చు. అప్పుడు మీరు వారికి ఈ టాక్సీ సంగతి చెప్పండి. తెగక ముందు చేసే చప్పుడు వింటే ఖర్చు కొద్ది. తెగిన తరవాత వింటే ఖర్చు కొండ.