నాలుగు రోజుల కలకత్తా

కొత్త ఊరికి ప్రయాణం పెట్టుకున్నామంటే మా ఇంట్లో అటక మీంచి పెట్టెలు దిగడానికి ముందే తగువులు దిగుతాయి. తిరుపతి అయితే పేచీ లేదు. అక్కడ ఏం చూడాలో దేవుడే నిర్ణయించి కూర్చున్నాడు. చిక్కల్లా పెద్ద పట్నాలతోనే. కలకత్తాను మా ఇంట్లో ఒక్కరూ ఇంతవరకు కళ్లతో చూడలేదు. అయినా అందరికీ తెలుసు. ఎవరి కలకత్తా వారికి సిద్ధంగా ఉంది. ఈ అయిదు కలకత్తాలనూ నాలుగు రోజుల్లో ఇమడ్చడం ఎల్లాగా అన్నది రెండు నెలలుగా మా భోజనాల దగ్గర నడుస్తున్న చర్చ.

నేను తెనాలిలో కాలేజీ పిల్లలకు తెలుగు పాఠం చెప్పుకుని బతికేవాణ్ణి. నలభై ఆరేళ్లొచ్చాయి. బెంగాలీ నవలలు మన నవలల్ని ఎల్లా మార్చాయో క్లాసులో గంటల తరబడి చెప్పగలను గాని, హౌరా వంతెనను సినిమాల్లో తప్ప చూసి ఎరగను. ఇన్నాళ్లూ లేని తొందర ఇప్పుడెందుకంటే, మా అమ్మ మోకాళ్ల మూలాన. ఆవిడకు 74 ఏళ్లు. మొన్న ఆగస్టులో డాక్టరు చూసి, “ఎక్కడికైనా తిప్పాలనుకుంటే ఈ చలికాలంలోనే తిప్పండి. వచ్చే ఏటి సంగతి నేను చెప్పలేను” అన్నాడు. ఇంటికి తిరిగి వస్తూ రిక్షాలో అమ్మ ఏమీ మాట్లాడలేదు. ఇంటి ముందు దిగాక మాత్రం, “ఒరేయ్, కలకత్తా ఎంత దూరంరా?” అంది.

దానికి వెనక ఒక కథ ఉంది. మా నాన్నగారు బడిపంతులు. రాత్రిళ్లు భోజనాలయ్యాక శరత్ బాబు నవలలు, చక్రపాణిగారి అనువాదాలు, అమ్మకు పైకి చదివి వినిపించేవారు. చక్రపాణిగారిది మా తెనాలే. మదనపల్లె శానిటోరియంలో క్షయకు మందు పుచ్చుకుంటూ ఆయన బెంగాలీ నేర్చుకున్నారని చెబుతారు. ఆ తెలుగు ఎంత సొంతంగా ఉండేదంటే, శరత్తు తెలుగువాడే అనుకున్న పాఠకులు కోకొల్లలు. వారిలో మా అమ్మ ఒకతె. ఏ కొల్లిపర వైపు మనిషో అనుకున్నానురా అంటుంది ఇప్పటికీ. కలకత్తా చూపిస్తానని నాన్నగారు మాట ఇచ్చారు. మొదటిసారి డబ్బు మా మేనత్త పెళ్లికి పోయింది. రెండోసారి 1977 నవంబరులో ఉప్పెన వచ్చింది. మూడోసారి, రిటైరయ్యాక, పటం కూడా కొన్నారు. ఆ మరుసటి వానాకాలం ఆయన లేరు.

ఆ పటం మా అలమారులో ఉంది. మడతల దగ్గర చిరిగిపోయింది గాని, దాని మీద ఎర్ర పెన్సిలుతో ఆయన గీసుకున్న ట్రాము దారులు ఇప్పటికీ స్పష్టంగా ఉన్నాయి. ఫలానా చోట ఎక్కితే ఫలానా చోట దిగవచ్చునని పక్కన సన్నని అక్షరాలు. ఆ పటం పట్టుకుని వెళితే మాత్రం వీధిలో నిలబడవలసిందే. 1902 నుంచీ కరెంటుతో నడుస్తున్న ఆ ట్రాములు ఒక్కొక్క దారే మూతబడుతూ వచ్చాయి. మైదానానికీ ఎస్ప్లనేడుకూ మధ్య ఒక్క ముక్క ముచ్చటకు ఉంచి తక్కినవి తీసేస్తామని 2024లో అక్కడి ప్రభుత్వమే చెప్పింది. ఈ సంగతి నేను అమ్మకు చెప్పలేదు. మా అబ్బాయి చెప్పేశాడు. “పోనీలే, ఆయనకు తెలియదు గదా” అంది ఆవిడ.

ఇహ మా చర్చలకు వద్దాం. ముందు ఒక యాత్రల కంపెనీని అడిగాం. నాలుగు రోజుల్లో పదిహేడు చోట్లు చూపిస్తామని రంగుల కాగితం ఇచ్చారు. విక్టోరియా మెమోరియల్‌కు నలభై అయిదు నిమిషాలు, దక్షిణేశ్వరానికి గంట, రవీంద్రుడి ఇంటికి అరగంట. అరగంటలో మా అమ్మ చెప్పులు విప్పి మెట్లెక్కేసరికే బస్సు హారను మోగుతుంది. ఆ కాగితం ఇప్పుడు మా అమ్మాయి పుస్తకానికి అట్టగా ఉపయోగపడుతోంది.

తరవాత ఎవరికి ఏం కావాలో చెప్పమన్నాను. మా ఆవిడకు కాళీఘాట్, దక్షిణేశ్వరం, బేలూరు మఠం. వాటితో బాటు తాంతు చీరలు, “ఊరికే చూడ్డానికండీ.” మా అబ్బాయికి గంగ అడుగున పోయే మెట్రో కావాలి. మన దేశంలో మొదటి మెట్రో 1984లో నడిచింది ఆ ఊళ్లోనే. హుగ్లీ నది కింద సొరంగంలోంచి 2024 మార్చి నుంచి నడుస్తోంది. నది దాటడానికి ముప్పావు నిమిషం పడుతుందట. ముప్పావు నిమిషం కోసం పన్నెండువందల కిలోమీటర్లు రావాలా అని మా ఆవిడ. అమ్మాయి బొమ్మలు గీస్తుంది. దానికి కుమార్తులి కావాలి, దుర్గా ప్రతిమలు చేసే కుమ్మరుల పేట.

నా కోరిక నేను చివర చెప్పాను. కలకత్తాకు ఎగువన, అదే నది ఒడ్డున, శ్రీరాంపూర్ అని ఒక ఊరు ఉంది. 1845 దాకా డేనిష్ వాళ్ల చేతిలో ఉండేది. విలియం కేరీ తెలుగు వ్యాకరణం 1814లో అచ్చయింది అక్కడే. ఎక్కడి ఇంగ్లండు, ఎక్కడి బెంగాలు, ఎక్కడి తెలుగు వ్యాకరణం! ఆ ఊరి నేల మీద ఒక పూట నడవాలని నా ఆశ. ఇది విని ఇంటిల్లిపాదీ మౌనం వహించారు. వ్యాకరణం పేరెత్తితే మా విద్యార్థులు వహించే మౌనమూ ఇల్లాంటిదే.

అమ్మను అడిగాం. ఆవిడ కాళీ అమ్మవారంటుందని అందరమూ అనుకున్నాం. ఆవిడ కాసేపు ఆలోచించి, “ఆ ఊళ్లో నాకేం పని లేదురా” అంది.

అందరమూ తెల్లబోయాం. ఆవిడ నింపాదిగా అందుకుంది. “నువ్వే చెప్పు. ఆ పుస్తకాల్లో కలకత్తా పోయి బాగుపడ్డవాడెవడు? దేవదాసును చదువుకని పంపారు. ఏమయ్యాడు? ఊళ్లో ఉన్నన్నాళ్లూ పార్వతితో చేపలు పట్టుకుంటూ బాగానే ఉన్నాడు. నాకు ఆ చెరువూ, ఆ వెదురు పొదలూ, ఆ పెంకుటిళ్లూ చూడాలనుంది.”

నేను పాఠం చెప్పే అలవాటు మానలేక, “పల్లీ సమాజం సంగతేమిటమ్మా? శరత్ బాబు పల్లెటూళ్లను ఏమంత మెచ్చుకోలేదే” అన్నాను.

“ఆ తగువులు మన ఊళ్లో తగువులే గదరా. అందుకే చూడాలంటున్నాను.”

ఆవిడ వాదనలో ఉన్న సాహిత్య విమర్శ నాకు నచ్చింది గాని, నవలల్లో ఉన్న పల్లెను పటంలో ఎక్కడ వెతకను? అప్పుడు మా అబ్బాయి ఫోనులో వెతికి ఒక సంగతి పట్టుకున్నాడు. శరత్తు 1903 నుంచి 1916 దాకా రంగూన్‌లో గుమాస్తాగిరీ చేశాడు. పేరు వచ్చాక, పెద్దవయసులో, సామ్తాబేర్ అనే పల్లెలో, రూప్‌నారాయణ్ నది ఒడ్డున, బర్మా పద్ధతిలో రెండంతస్తుల ఇల్లు కట్టుకున్నాడు. ఆ ఇల్లు ఉంది. ఇంటి పక్కన పారిన నది మాత్రం ఇప్పుడు దూరం జరిగింది. ఆ పల్లెకు దగ్గర స్టేషను దేవుల్టి, హౌరాకు 50 కిలోమీటర్లు ఇవతల. ఇవతల అంటే, మన వైపున. మద్రాసు నుంచీ విజయవాడ నుంచీ పోయే బళ్లన్నీ ఖరగ్‌పూర్ దాటి, కోలాఘాట్ దగ్గర ఆ నది మీది వంతెన ఎక్కి, దేవుల్టి స్టేషను మీంచే పోతాయి. ఆగవు, అంతే.

“అయితే గొలుసు లాగరా!” అంది అమ్మ.

ఇన్నాళ్లకు మా ప్రయాణానికి ఒక ఇరుసు దొరికింది. చక్రం దాని చుట్టూ బిగించవచ్చు. హౌరాలో దిగి, మర్నాడు లోకల్ బండిలో వెనక్కి దేవుల్టికి రావాలి. స్టేషను నుంచి టోటో, అదే మన బ్యాటరీ ఆటో, కట్టించుకుంటే మూడు కిలోమీటర్లు. ఇది ఒక రోజు. అమ్మకు మరునాడు విశ్రాంతి, ఇది ఇంకో రోజు. నాలుగులో రెండు పోయాయి. మిగిలిన రెంటి కోసం పెన్సిలు పట్టుకుని కూర్చున్నాం.

బస లేక్ మార్కెట్ వైపు చూసుకున్నాం. అక్కడ దక్షిణాది వాళ్లు తరాలుగా కాపురముంటున్నారు కాబట్టి ఇడ్లీకి, సాంబారుకు లోటుండదు. ఆవనూనె వాసన మా అమ్మకు పడదు. శరత్ బాబు చివరి రోజుల్లో ఉన్న కలకత్తా ఇల్లు, అశ్వినీ దత్తా రోడ్డులోది, అక్కణ్ణుంచి ఎంతో దూరం లేదు. కాళీఘాట్ గుడి దగ్గర. మెట్రో ఎక్కి ఎస్ప్లనేడులో మారితే నది కిందుగా హౌరా స్టేషనుకే చేరతాం. దేవుల్టి బండి అక్కడే. అంటే మా అబ్బాయి ముప్పావు నిమిషం మా అమ్మ దారిలోనే వచ్చిపడింది. మెట్రో దక్షిణేశ్వరం దాకా పోతుంది గనక మా ఆవిడదీ తీరింది. సోమవారం ఇండియన్ మ్యూజియానికీ, విక్టోరియా మెమోరియల్ లోపలి గదులకూ సెలవు. కొత్తగా పోయేవారు ఇది గుర్తుంచుకోవాలి. 1814లో పెట్టిన మ్యూజియం అని అంత దూరం పోయి, తలుపు చూసి తిరిగి రావడం ఎంత బాధ!

ఎప్పుడు పోవాలన్నది ఇంకో పెద్ద తగువు. దసరా సెలవులకైతే అమ్మాయికి పందిళ్ల పండగ. ఆ జనంలో అమ్మను నిలబెట్టలేం. అంచేత సంక్రాంతి అన్నాను. ఆ రోజుల్లో గంగాసాగర్ యాత్రికులు దేశం నలుమూలల నుంచీ అక్కడికే దిగుతారు గాని, బాబూఘాట్ వైపు పోకపోతే సరి. మా ఆవిడ మాత్రం పండగ పూట ఇంటికి తాళమేమిటని ముఖం ముడుచుకుంది. ఆవిడను ఒప్పించింది అమ్మే. సంక్రాంతికి బెంగాలీలూ కొత్త బియ్యప్పిండితో పిఠేలు చేసుకుంటారు. వాటిలో వేసే చలికాలపు కొత్త బెల్లాన్ని ఈతచెట్టు నుంచే తీస్తారు. “మనం కల్లు తీస్తాం, వాళ్లు బెల్లం తీస్తారు. ఎవరు తెలివైనవాళ్లో చూసొద్దాం పద” అంది. అరిసెలు రెండు రోజుల ముందే వండి డబ్బాలో పోసుకుంటామని ఒప్పందం.

హైదరాబాదు నుంచి మా తమ్ముడు ఫోను చేశాడు. “అన్నయ్యా, ఈ వయసులో అమ్మనా? అక్కడేమైనా అయితే?” అన్నాడు. వాడి భయం అర్థం లేనిది కాదు. నేను జవాబు వెతుక్కునే లోపల అమ్మ ఫోను లాక్కుంది. “ఇక్కడేమైనా అయితే ఫరవాలేదేమిట్రా?” అంది. వాడు కాసేపు ఊరుకుని, ఖర్చులో సగం తనదన్నాడు.

ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో చెన్నపట్నంలో బయల్దేరి కాశీకి పోయి, కలకత్తా మీదుగా తిరిగి ఇల్లు చేరేసరికి పదిహేను నెలలు దాటింది. మాకు విజయవాడ నుంచి 1230 కిలోమీటర్లు, ఇరవై గంటల పైచిలుకు. ఆయన పల్లకీకి బెర్తు గొడవ మాత్రం లేదు.

మాకుంది. 2024 నవంబరు నుంచి రైల్వేవారు అరవై రోజుల ముందు గాని టిక్కెట్లు ఇవ్వడం లేదు. జనవరి 11న ఎక్కాలంటే నవంబరు 12న పొద్దున్న ఎనిమిది గంటలకు కాచుకుని ఉండాలి. పెద్దవాళ్లకూ, నలభై అయిదు దాటిన ఆడవాళ్లకూ కింది బెర్తుల్లో కొంత కోటా ఉంది. దాన్ని అడగాలంటే అమ్మకూ మా ఆవిడకూ వేరే టిక్కెట్టు తీయాలి. అంటే మా ఆవిడ తన వయసు ఒప్పుకోవాలి. ఆలోచించుకుని చెబుతానంది.

కుమార్తులికి మూడో రోజు సాయంత్రం రాశాం. శ్రీరాంపూర్‌కు చోటు లేదు, నేనే కొట్టేశాను. నిన్న చూస్తే నాలుగో రోజు పొద్దున్న ఆరు గంటల గడిలో మా ఆవిడ చేతిరాతతో “మీరొక్కరే వెళ్లి పదికల్లా రండి” అని ఉంది.

ఇహ తేలనిది ఒక్కటే. తమ్ముడు ఏసీ పెట్టె అంటాడు. అమ్మ ససేమిరా అంటోంది. రూప్‌నారాయణ్ వంతెన మీద బండి పోతున్నప్పుడు అద్దం అడ్డం ఉంటే నది గాలి తగలదట. జనవరిలో రాత్రి చలి సంగతేమిటమ్మా అంటే, రగ్గు కప్పుకుంటాను, కిటికీ తెల్లారాక తీద్దువు గాని అంటుంది. నవంబరు 12 లోగా ఎవరో ఒకరు దిగిరావాలి. మా అమ్మ సంగతి నాకు తెలుసు గనక, రగ్గు ఎండలో వేయించాను.