పాఠం ఫోనులో ఉంది, ల్యాబుకు తాళం ఉంది

గుడివాడ, మచిలీపట్నం మధ్య ఒక ఇంజినీరింగ్ కాలేజీలో ఎలక్ట్రానిక్స్ చెబుతాను. మా పిల్లలు పెడన నుంచి, అవతల దివిసీమ నుంచి వస్తారు. ఒకప్పుడు ఐఐటీ ప్రొఫెసర్ పాఠం వినాలంటే అక్కడ సీటు రావాల్సిందే. 2003లో ఎన్‌పీటీఈఎల్, 2017లో స్వయం అనే ఆన్‌లైన్ పాఠాల వేదికలు వచ్చాక కోడూరు కుర్రాడు కూడా ఇంట్లో కూర్చుని, అర్థం కానిచోట ఆపి మళ్లీ వింటున్నాడు. ఇది చిన్న మేలు కాదు.

ఎన్‌పీటీఈఎల్ సర్టిఫికెట్‌లో అసైన్‌మెంట్లకు 25 శాతం, పరీక్షకు 75 శాతం. అసైన్‌మెంట్ జవాబులు వాట్సాప్‌లో తిరుగుతుంటాయి. వాటితో నెట్టుకొచ్చినవాళ్ల సంగతి పరీక్ష హాల్లో తేలిపోతుంది. పరీక్ష గట్టెక్కినా ఇంటర్వ్యూ ఉంది. అక్కడ అడిగేది, నేర్చుకున్నదాంతో ఏం చేశావని.

నాగాయలంక కుర్రాడొకడు రొయ్యల చెరువులో ఆక్సిజన్ కొలిచే పరికరం ప్రాజెక్టుగా తీసుకున్నాడు. రాత్రిపూట ప్లాంక్టన్ ఆక్సిజన్ ఇవ్వదు, పైగా వాడుకుంటుంది. అందుకే తెల్లవారుజామున నీటిలో కరిగిన ఆక్సిజన్ పడిపోతుంది, ఏరియేటర్లు తిరగాలి. ప్రోగ్రాం ఆన్‌లైన్ పాఠాలు చూసి సొంతంగా రాసుకున్నాడు. ల్యాబులో బకెట్ నీళ్లలో రీడింగులు చక్కగా వచ్చాయి. చెరువులో దించాక రోజురోజుకూ తగ్గసాగాయి. ఏరియేటర్లు ఆడుతున్నా అంతే.

"కోడ్‌లోనే ఏదో తప్పుంది సార్" అన్నాడు.

"ప్రోబు పైకి తీసి చూశావా?"

చూస్తే దాని పొర మీద పాచి. మెత్తగా తుడిచి, కాలిబ్రేట్ చేసి దించితే రీడింగులు దారికొచ్చాయి. ఎన్నాళ్లకోసారి తుడవాలో కూడా తనే తేల్చుకున్నాడు. తర్వాత ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ల మీద రెండు ప్రశ్నలు వేసి వదిలేశారట. తప్పు కోడ్‌లో లేదని ఎలా కనిపెట్టావని మాత్రం గుచ్చిగుచ్చి అడిగారట. చేసిన పని కాబట్టి వచ్చిన ఇంగ్లీషులోనే తడబడకుండా చెప్పగలిగాడు.

వర్చువల్ ల్యాబుల్లో సర్క్యూట్ ఎన్నిసార్లయినా కట్టి చూడొచ్చు. కానీ వాటిలో పాచి పట్టదు, సోల్డరింగ్ ఊడదు. ఆ అనుభవానికి ల్యాబే కావాలి. పాఠం అర్ధరాత్రయినా దొరికే ఈ రోజుల్లో ల్యాబు మాత్రం కాలేజీ బస్సు వేళకే మూతపడుతోంది. క్లాసులో చెప్పేదాంట్లో కొంత వీడియోలకు వదిలి, ఆ గంటలు ల్యాబుకివ్వాలి. సాయంత్రం ఆగే పిల్లల కోసం అవనిగడ్డ వైపు ఒక బస్సు ఆలస్యంగా నడపాలి. కొత్త కోర్సులు కొనేకంటే ముందు కాలేజీలు చేయాల్సిన పని ఇది.