పనామా కెనాల్‌లో ఏ క్యాబిన్? ముందు ఏ లాకో అడగండి!

పనామా కెనాల్ క్రూజ్ బుక్ చేసే ప్రతి ఒక్కరూ అడిగే మొదటి ప్రశ్న ఒకటే. ఎడమ వైపు క్యాబిన్ తీసుకోవాలా, కుడి వైపా? అడగడంలో తప్పులేదు. కానీ అది మొదట అడగాల్సిన ప్రశ్న కాదు, నాలుగోదో ఐదోదో. మా బుకింగ్ కోసం మూడు వారాలు డెక్ ప్లాన్లు ముందేసుకుని కూర్చున్నాక నాకు అర్థమైంది ఇదే.

మేం వెళ్లింది ముగ్గురం. అమ్మ, నాన్న, నేను. నేను డల్లాస్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. నాన్న కోనసీమలో ఇరిగేషన్ డిపార్ట్‌మెంట్ లస్కరుగా చేసి రిటైరయ్యారు. కాలువ లాకుల దగ్గర తలుపులు తెరవడం, మూయడం, నీటిమట్టం చూసి రాసుకోవడం, ఇదే ఆయన ఉద్యోగం. గోదావరి జిల్లాల వాళ్లకి లాకులంటే వేరే చెప్పక్కర్లేదు. మిగతావాళ్లు లొల్ల లాకుల్ని ఏదో ఒక సినిమాలో చూసే ఉంటారు. అమెరికా వచ్చాక నయాగరా చూపించాను, న్యూయార్క్ చూపించాను. ‘బాగుందిరా’ అన్నారు, అంతే. ఆయన తనంతట తాను అడిగింది ఒక్కటే: “ఆ పనామా లాకులు ఇక్కణ్నుంచి దూరమా?”

సమస్యల్లా నాన్న మోకాళ్లు. బాగా అరిగిపోయాయని, మెట్లు ఎక్కొద్దని డాక్టర్ చెప్పారు. ఇంకోసారి ఇంత దూరం రాగలరన్న నమ్మకం లేదు. అమ్మకేమో బస్సెక్కితేనే కడుపులో తిప్పుతుంది. పది గంటలు నిలబడలేని మనిషికి పది గంటల కెనాల్ చూపించాలి. అదే ఓడలో అమ్మ ప్రశాంతంగా నిద్రపోవాలి. నా క్యాబిన్ వేట ఇదన్నమాట.

ఓడ కొండెక్కుతుంది

ముందు కెనాల్ సంగతి చూద్దాం. అట్లాంటిక్, పసిఫిక్ సముద్రాల మధ్య సుమారు 80 కిలోమీటర్ల నీటిదారి ఇది. 1914లో మొదలైంది. మధ్యలో గాటున్ అనే పెద్ద మంచినీటి చెరువు ఉంటుంది. అది సముద్రమట్టానికి 26 మీటర్ల ఎత్తులో ఉంది. అట్లాంటిక్ నుంచి వచ్చే ఓడని గాటున్ లాకులు మూడు మెట్లుగా పైకి లేపుతాయి. చెరువు దాటాక పెడ్రో మిగెల్ దగ్గర ఒక మెట్టు, మిరాఫ్లోరెస్ దగ్గర రెండు మెట్లు దిగి పసిఫిక్‌లోకి వెళ్తుంది. ఇంత ఎత్తుకి లేపడానికి నీళ్లు తోడే పంపులేమీ లేవు. పైనున్న చెరువు నీళ్లు వాటంతటవే కిందికి వచ్చి గదిని నింపుతాయి, ఓడ తేలుతూ లేస్తుంది.

మొదటి ప్రశ్న: పాత లాకులా, కొత్తవా?

2016లో పెద్ద ఓడల కోసం కొత్త లాకులు తెరిచారు. అట్లాంటిక్ వైపు అగువా క్లారా, పసిఫిక్ వైపు కొకొలి. పాత లాకు గది వెడల్పు 33.5 మీటర్లయితే, కొత్తది 55. పాతవాటిలో తలుపులు రెండు రెక్కలుగా మూసుకుంటాయి. కొత్తవాటిలో గేటు పక్క గోడలోంచి జరుగుతూ వస్తుంది. పాతవాటిలో గోడల మీద పట్టాలపై నడిచే ఎలక్ట్రిక్ ఇంజన్లు తాళ్లు పట్టుకుని ఓడని మధ్యలో ఉంచుతాయి. వాటిని ‘మ్యూల్స్’ అంటారు, అంటే కంచర గాడిదలు. కొత్తవాటిలో ఆ పని టగ్ బోట్లు చేస్తాయి.

పాత లాకుల్లో పట్టేంత గరిష్ఠ వెడల్పున్న ఓడకి రెండు పక్కలా మిగిలేది రెండడుగులే. ఆ థ్రిల్ కొత్తవాటిలో ఉండదు. మరీ వెడల్పైన క్రూజ్ షిప్‌లు పాతవాటిలో పట్టవు. అందుకే క్యాబిన్ కంటే ముందు షిప్ సైజు చూసుకోవాలి. రెక్కల తలుపులతో జీవితం గడిపిన మనిషి కోసం నేను కొత్త మెరిసే షిప్‌లన్నీ వదిలేసి, పాత లాకుల్లో పట్టే మధ్యరకం షిప్ తీసుకున్నాను. వాటర్ స్లైడ్‌లు లేవు. ఎవరికి కావాలి?

ఇంకోటి. ‘పార్షియల్ ట్రాన్సిట్’ అని ఉంటే ఓడ చెరువుదాకా వెళ్లి వచ్చినదారినే వెనక్కి వచ్చేస్తుంది. సముద్రం నుంచి సముద్రానికి దాటాలంటే ‘ఫుల్ ట్రాన్సిట్’ అని రాసి ఉందో లేదో చూడండి. మాది ఫ్లోరిడా నుంచి కాలిఫోర్నియాకి ఫుల్ ట్రాన్సిట్, రెండు వారాలు. నా ఏడాది సెలవులు దాదాపు అయిపోయాయి.

ముందా, మధ్యా, వెనకా?

కెనాల్‌లో అలలుండవు. ఊగేదంతా దానికి ముందూ వెనకా సముద్రంలోనే. ఉయ్యాల బల్ల చివర్లో కూర్చుంటే ఎంత ఊగుతుందో, మధ్యలో ఎంత తక్కువో తెలుసు కదా, ఓడా అంతే. కాబట్టి కడుపులో తిప్పేవాళ్లకి ఓడ మధ్యలో, మరీ పైన కాని డెక్ మంచిది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి లిఫ్ట్ దగ్గర కావాలి, మధ్యలో అదీ ఉంటుంది. పైనా కిందా క్యాబిన్లే ఉన్న డెక్ ఎంచుకోండి. బఫే కిందో, స్విమ్మింగ్ పూల్ కిందో తీసుకుంటే తెల్లారకముందే కుర్చీలు లాగే చప్పుడుకి లేస్తారు.

మరీ కింది డెక్‌లో కిటికీ క్యాబిన్ తీసుకుంటే, ఓడ లాకులోకి దూరగానే కనిపించేది తడిసిన కాంక్రీట్ గోడే. మధ్య డెక్‌లలో కొన్ని కిటికీలకి లైఫ్‌బోట్లు అడ్డం వస్తాయి, డెక్ ప్లాన్‌లో గుర్తు వేసి ఉంటుంది. ‘గ్యారంటీ’ పేరుతో చవగ్గా అమ్మేదాన్లో క్యాబిన్ కంపెనీయే ఎంచుతుంది. మామూలు క్రూజ్‌కి బాగానే ఉంటుంది గానీ, కెనాల్‌కి వద్దు.

ఇప్పుడు... ఎడమా, కుడా?

మ్యాప్ చూస్తే తమాషాగా ఉంటుంది. అట్లాంటిక్ నుంచి పసిఫిక్‌కి వెళ్లే ఓడ పడమరకి పోదు, ఆగ్నేయానికి పోతుంది! అంటే మధ్యాహ్నం ఎండ కుడి వైపు కొడుతుంది, ఎడమ వైపు నీడ. మిరాఫ్లోరెస్‌లో జనం నిలబడి చేతులూపే సందర్శకుల కేంద్రం, చివర్లో పనామా సిటీ భవనాలు కూడా ఎడమ వైపే. పసిఫిక్ నుంచి వస్తే మొత్తం తిరగేసుకోండి, అప్పుడు కుడి వైపు. ఇక లాకుల్లో రెండు వరుసలుంటాయి. పక్క వరుసలో ఇంకో ఓడ లేస్తూనో దిగుతూనో కనిపిస్తుంది. మనది ఏ వరుసో బుకింగ్ రోజు తెలిసే విషయం కాదు. దానికోసం బుర్ర బద్దలు కొట్టుకోకండి.

చివరికి నేను చేసింది ఇది. అమ్మానాన్నలకి ఎడమ వైపు, మధ్యలో, లిఫ్ట్‌కి దగ్గరగా బాల్కనీ. ఎదురుగా కారిడార్ అవతల కిటికీ లేని ఇన్‌సైడ్ క్యాబిన్ నాకు. మూడు కుర్చీలూ వాళ్ల బాల్కనీలోనే. ముగ్గురికీ బాల్కనీ అంటే నా బడ్జెట్ దాటిపోయేది.

ఆ రోజు

కెనాల్ రోజు చాలా షిప్‌లలో ముందు భాగం డెక్ కూడా అందరికీ తెరుస్తారు. జనమంతా పొద్దున్నే అక్కడికే పరిగెత్తారు. మేం లిఫ్ట్‌లో కింది ప్రొమెనేడ్ డెక్‌కి వెళ్లాం. లాకు నిండేకొద్దీ గోడ కిందికి దిగినట్టయి, పనివాళ్లూ మ్యూల్స్ మన కళ్లముందుకి వచ్చేది ఇక్కడే. చిన్న తెడ్డు పడవలో ఇద్దరు వచ్చి తాడు అందించారు. ఇంత పెద్ద ఓడకి ఆ పడవ!

తలుపులు మూసుకుంటుంటే నాన్న రెయిలింగ్ పట్టుకుని ముందుకి వంగారు. “చూశావా, తిన్నగా మూసుకోవు. నీళ్లకేసి కోణం పెట్టి మూసుకుంటాయి. ఆపైన నీళ్లే నొక్కిపెట్టి ఉంచుతాయి. మావీ ఇంతేరా” అన్నారు. పక్కనున్న అమెరికన్ జంట ఏమిటని అడిగితే నేను ఇంగ్లిష్‌లో చెప్పాను. తర్వాత గంటసేపు వాళ్లు ప్రశ్నలన్నీ నాన్ననే అడిగారు. నేను ట్రాన్స్‌లేటర్‌ని.

ఒక ఓడ ఇటు నుంచి అటు దాటేసరికి సుమారు 20 కోట్ల లీటర్ల మంచినీళ్లు సముద్రంలో కలుస్తాయని చెప్పాను. నాన్న మాట్లాడలేదు. 2023లో వానల్లేక చెరువు తగ్గి, రోజుకి 36 ఓడలు దాటేచోట పాతికలోపుకి తగ్గించారని కూడా చెప్పాను. “మరి తగ్గించరూ? చివరి ఆయకట్టు వాడికి నీళ్లందకపోతే ఎలా ఉంటుందో మాకు తెలుసు” అన్నారు.

కులెబ్రా కోత దగ్గరికి వచ్చేసరికి ఆయన మోకాళ్లు ఇక వద్దన్నాయి. బాల్కనీకి వచ్చేశాం. కొండని నిలువునా చీల్చిన చోటు అది. ఫ్రెంచ్ వాళ్లు 1881లో తవ్వకం మొదలుపెట్టి ఆపేసేలోపు సుమారు 20 వేల మంది పోయారు, ఎక్కువగా జ్వరాలతో. 1904 నుంచి అమెరికా తవ్వించినప్పుడు ఇంకో 5,600 మంది. వాళ్లలో ఎక్కువమంది కరీబియన్ దీవుల నుంచి వచ్చిన కూలీలు. “ఇంతమందా?” అని అమ్మ అడిగింది. కాసేపు ఎవరం ఫోన్లు బయటికి తీయలేదు.

సాయంత్రం మిరాఫ్లోరెస్ చివరి గది. కుడి వైపు బాల్కనీల వాళ్లు ఎండకి తలుపులేసుకున్నారు. మా వైపు నీడ. నాన్న ఒక కుర్చీలో కూర్చుని ఇంకో కుర్చీ మీద కాళ్లు చాపుకున్నారు. అమ్మ మోకాలికి మందు రాస్తోంది. ఓడ కదిలింది. తెరుచుకున్న తలుపు రెక్క గోడలో ఒదిగి, మా కిందుగా మెల్లగా వెనక్కి జారిపోయింది. నాన్న అలవాటుగా వాచీ చూసుకున్నారు.

“నాలుగూ ఇరవై. రాసుకోరా” అన్నారు. ఫోన్ తీసి రాసుకున్నాను.