త్రోవలోని వింతలు

ప్రయాణమనగా మనవారికి బయలుదేరుటయు, చేరుటయు మాత్రమే. నడుమనున్న త్రోవ లెక్కలోనికి రాదు. పెండ్లికి పోవునప్పుడు ముహూర్తము మించునను తొందర. తీర్థమునకు పోవునప్పుడు దర్శనము దొరకదేమోయను బెంగ. మరలి వచ్చునప్పుడు ఇంటిపనుల చింత. బండి యెచ్చట నిలుపవలెనో పురుషులు నిర్ణయింతురు. స్త్రీలు కిటికీలోనుండి చూచి, అదేమో వింతగా నున్నదే యనుకొనులోపల ఆ వింత వెనుకబడిపోవును. అందుచేత మేము గడచిన దసరా సెలవులలో, పిల్లలతోను అత్తగారితోను హైదరాబాదునుండి లేపాక్షికి కారులో బయలుదేరునప్పుడే, త్రోవలోని వింతలయొద్ద దిగి తీరికగా చూడవలెనని నిశ్చయించుకొంటిమి. ప్రతిచోటను రెండు ప్రశ్న లడుగవలెనని పిల్లలకు చెప్పితిమి: ఇచ్చటివారు చెప్పు కథ యేది? దీనిని కాపాడుచున్న వారెవరు?

జడ్చర్లయొద్ద బెంగుళూరు రహదారిని విడిచి మహబూబునగరము వైపు మరలినచో, ఆ పట్టణమునకు సమీపముననే పిల్లలమఱ్ఱి యున్నది. ఏడువందల యేండ్ల చెట్టని చెప్పుదురు. మూడెకరములకు పైగా వ్యాపించిన యీ మఱ్ఱికి తల్లిమాను ఏదో, పిల్లమాను ఏదో పోల్చుట కష్టము. ఇంతటి వృక్షమునకును జబ్బు చేసినది. చెదలు లోలోపల తొలిచివేయగా 2017వ సంవత్సరము డిసెంబరులో ఒక పెద్దకొమ్మ విరిగి పడెను. మరుసటి యేడు ఆసుపత్రిలో రోగికి సెలైను ఎక్కించినట్లే, మందునీళ్ల సీసాలను వందలకొలదిగా కొమ్మలకు వ్రేలాడగట్టి, చుక్కచుక్కగా చెట్టులోనికి ఎక్కించిరి. ఊడలు నేలను చేరుటకు గొట్టము లమర్చిరి. చూడవచ్చిన జనము కొమ్మల నెక్కి ఊగుటయు ఆ చెట్టునకు చేటు తెచ్చినదట. ఈ సంగతి విన్న పిదప మా పిల్లలు ఊడల నంటలేదు; దూరముగా నిలిచియే చూచిరి.

మరల రహదారి పట్టి తుంగభద్ర దాటితిమి. కర్నూలు నడిబొడ్డున, అంగళ్ల నడుమ కొండారెడ్డి బురుజు నిలిచియున్నది. పాతకోటలో మిగిలిన భాగమిది. కొండారెడ్డి యను నాయకుడు ఇందు బందీగా నుండెననియు, ఇచ్చటినుండి నది క్రిందుగా సొరంగము గలదనియు జనులు చెప్పుకొందురు. సొరంగము సంగతి యెట్లున్నను, దాని మాట చెప్పునప్పుడు అచ్చటి బండివాని కన్నులలోని మెరుపు మాత్రము నిజము. ఆ రాత్రి అనంతపురమున బస చేసితిమి.

మరునాడు కదిరి మీదుగా తిమ్మమ్మ మఱ్ఱిమానునకు పోతిమి. దీని కొమ్మలు దాదాపు ఐదెకరముల నేలకు గొడుగు పట్టుచున్నవి. 1989లో గిన్నిసు గ్రంథమువారు దీనిని ప్రపంచమున మిక్కిలి విశాలముగా వ్యాపించిన వృక్షముగా గుర్తించిరి. లేత ఊడలను మట్టి నింపిన వెదురుబొంగులలోనికి మళ్లించి, నేలను తాకువరకు పెంచుచుందురు. నేల తాకిన ఊడ లావెక్కి స్తంభమై కొమ్మను మోయును. ఆ పనివారి యోపికయే యీ పందిరికి రాట.

చెట్టుక్రింద తిమ్మమ్మ గుడి యున్నది. 1434లో ఆమె భర్తతో సహగమనము చేసెననియు, చితికి నాటిన గుంజయే చిగిర్చి యీ మఱ్ఱి అయ్యెననియు కథ. సంతానము లేని దంపతులు వచ్చి మ్రొక్కుకొందురు. మే మాలకించుచుండగా మా చిన్నది, "అమ్మా, ఆమె చచ్చిపోకపోతే చెట్టు మొలిచేది కాదా?" అని యడిగెను. మేము బదులు వెదకుకొనుచుండగనే మా అత్తగారు, "మర్రిగింజ కాకి నోటినుంచి రాలినా మొలుస్తుందే తల్లీ! దానికి ఆడమనిషి కాలనక్కరలేదు" అనిరి. సహగమనమును 1829లో వంగదేశమునను, 1830లో చెన్నరాజధానియందును చట్టము నిషేధించెను. చెట్టునకు నమస్కరింపవచ్చును. తిమ్మమ్మ పేరును గౌరవముతో తలపవచ్చును. కాని కథను మన యాడపిల్లలకు చెప్పునప్పుడు, ఆ మంటను మహిమగా వర్ణింపకుండుట మనవంతు. తల్లులు చెప్పినట్లే గదా కథలు తరువాతి తరమునకు చేరునవి!

అచ్చటినుండి హిందూపురము మీదుగా లేపాక్షి చేరితిమి. ఊరి మొదటనే, త్రోవ ప్రక్కన, ఒక్క రాతిలో మలచిన బసవన్న దర్శనమిచ్చును. ఎత్తు పదునైదడుగులు, పొడవు ఇరువదియేడడుగులు. మెడలోని గంటలు, పట్టెడలు ఇప్పుడే యలంకరించినట్లున్నవి. వీరభద్రాలయమును అచ్యుతదేవరాయల కాలమున విరూపణ్ణ, వీరణ్ణ అను సోదరులు కట్టించిరి. అందు వ్రేలాడు స్తంభమను పేరుగలది యొకటి. అడుగున సందుండగా యాత్రికులు ఒకవైపునుండి కండువ దూర్చి రెండవవైపున లాగుదురు. కదలించి చూడబోయిన దొరవలన అది పక్కకు జరిగినదని అచ్చటివారి కథ. మేమును చీరచెంగు దూర్చి చూచితిమి. ఒక మూల మాత్రము నేలను తాకుచున్నది. వింత తగ్గలేదు, అంతటి బరువును తూకము తప్పక నిలిపిన శిల్పి నేర్పు మాకు మరింత వింతగా తోచినది.

సోదరీమణులు తప్పక చూడవలసినవి లతామండపపు స్తంభములు. ఒక్కొక్క స్తంభముపై ఒక్కొక్క అల్లిక. లేపాక్షి అంచని చీరలపై మనము మెచ్చుకొను తీగలకు, పూవులకు పుట్టిల్లిదియే. మా పెద్దమ్మాయి నాలుగు నమూనాలు కాగితముపై దించుకొని వచ్చినది. వానిలో నొకటి యిప్పుడు మా దిండుగలేబుపై పూయుచున్నది.

ఇట్టి ప్రయాణమునకు ఖర్చుకంటె తీరిక ముఖ్యము. తెల్లవారకముందే బయలుదేరవలెను. పులిహోరయు, దద్ధ్యోదనమును ఒకపూటకు చాలును. నీళ్లు మాత్రము సమృద్ధిగా నుండవలెను. త్రోవలో మరుగుదొడ్డి దొరకదను భయముచే మనలో ననేకులు నీరు త్రాగక తలనొప్పి తెచ్చుకొందురు. పెద్ద పెట్రోలు బంకులయొద్ద సాధారణముగా నా వసతి యుండును గనుక, బండి యచ్చట నాపుమని సంకోచింపక యడుగవలెను. చెట్టుపైగాని, రాతిపైగాని పేరులు చెక్కరాదని పిల్లలకు దిగకముందే చెప్పవలెను. తరువాతి పర్యాయము మీ బండి జడ్చర్ల దాటునప్పుడు, ఒక్క గంట ఆలస్యమైనను సరే, పిల్లలమఱ్ఱివైపు మరలింపుడని మీవారితో చెప్పుడు.