దివిసీమలో ఉలవచారు

“బెజవాడలో చలి కూడ కలదా?” యని పైయూరి చుట్టములు మమ్ము పరిహసింతురు. వేసవిలో మా యూరి కొండరాళ్ళు మండుట చూచినవారికి ఆ సందేహము కలుగుట సహజమే. కాని ధనుర్మాసమున తెల్లవారుజామున కృష్ణ యొడ్డునకు వచ్చి చూడవలెను. ఇంద్రకీలాద్రి సగమువరకు మంచులో మునిగియుండును. కాలువలమీద తెల్లని తెర పరచినట్లుండును. ఆ వేళ వేడిమి 20 డిగ్రీలకు దిగువకు పోవుచుండును. హిమాలయ ప్రాంతమువారికి ఇది చలి కాకపోవచ్చును గాని, ఎండకు అలవాటుపడిన మా దేహములకు ఇదియే చాలును. ముసలివారు శాలువ కప్పుకొని వంటయింటి గుమ్మమున చేరుదురు. పిల్లలు అన్నములోనికి వేడివేడిగా ఏదైన పోయుమందురు. మిరియాలచారు, కందికట్టుతో చారు, ముక్కలపులుసు, ఇవన్నియు ఆ దినములలో మా పొయ్యిలమీద మరుగుచుండునవే. వానిలో కడుపునకు నిండుదనమును, ఒంటికి వెచ్చదనమును ఎక్కువగా ఇచ్చునది ఉలవచారు.

మొన్నటి ధనుర్మాసమున మేమును, మా తోడికోడలును దివిసీమలోని మా పెద్దత్తగారి యూరికి పోయితిమి. సంక్రాంతి వెళ్ళగానే ఆమెను కుమారులు పట్టణమునకు తీసికొనిపోవ నిశ్చయించిరి. ఇల్లు మూతపడును. ఇంటిలోని సామానులలో ఏది ఎవరికి చెందవలెనో తేల్చుటకు కోడండ్రను రమ్మని ఆమెయే కబురంపిరి. మాకు మరియొక కోరికయు కలదు. ఆమె చేతి ఉలవచారు వంటిది మా యింట ఏనాడును కుదరలేదు. ఈసారియైన దాని కొలతలు కాగితముమీద పెట్టుకొని రావలెనని తలంచితిమి.

బస్సు బెజవాడ విడిచినది మొదలు బందరుకాలువ కొంతదూరము మాకు తోడుగా వచ్చెను. కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు దాటి, కూచిపూడి, చల్లపల్లి, మోపిదేవి మీదుగా అవనిగడ్డ చేరితిమి. దారిపొడుగునను వరికోతలు ముగిసియుండెను. కోతకు ముందే వరిలో చల్లిన మినుము మోళ్ళ నడుమ పచ్చగా తలయెత్తుచుండెను. అంతటను కోతయంత్రముల చక్రపు జాడలే కాని ఎడ్ల గిట్టల జాడలు కానరాలేదు. ఒక్క యెడ్లబండియైన మాకు ఎదురుపడలేదు.

ఈ సీమ చరిత్రకును ఉలవచారునకును సంబంధము కలదని మాకు ఆ దారిలోనే తోచినది. బెజవాడవద్ద కృష్ణకు ఆనకట్ట కట్టుట 1852 లో ప్రారంభమై 1855 లో ముగిసెను. తరువాత 1957 లో ప్రకాశం బ్యారేజి వచ్చెను. కాలువలలో నీరు పారి, చేలు మాగాణులయ్యెను. నీరు నిలిచిన జిగురుమట్టిని దున్నుటకు బలమైన యెడ్లు కావలసివచ్చెను. ఎడ్లకు బలమైన మేత కావలెను. అట్టి మేత ఉలవలు. అయితే ఉలవ నీటిమడిలో పండునది కాదు. అది మెట్టపంట, కొద్దిపాటి వానతో, చౌకనేలలో పండును. అందుచేత మెట్టవారి గింజ తిని మాగాణివారి యెద్దు పనిచేసినది. ఆ యెద్దుకొరకు ఉలవలు ఉడికించిన నీరే మన చారైనది.

మేము వెళ్ళునప్పటికి పెద్దత్తగారు పెరటిలో కూర్చుండియుండిరి. చూపు తగ్గినది గాని మాట తగ్గలేదు. కుశలప్రశ్నలైన పిమ్మట మా కోరిక చెప్పితిమి. ఆమె నవ్విరి.

“దానికి కొలతేముందే, అమ్మాయ్! అది మనకోసం వండింది కాదుగా. జతకు మానెడు ఉలవలు రాత్రి నానేసేవాళ్ళం. కోడికూసే వేళకి పాలేరు కాగు కింద పిడకలు రాజేసేవాడు. గింజ ఎద్దుకి, నీళ్ళు మనకి. అంతే.”

“ఎద్దుకు పెట్టినది మనము తినుట అప్పటివారికి చిన్నతనముగా తోచలేదా, అత్తయ్యా?” యని మా తోడికోడలు అడిగెను.

“చిన్నతనమెందుకు? పని చేసేది అది. ముందు దానికి పెట్టాకే మనం తినేది.”

ఆ కాగు ఇప్పటికిని కొట్టములో నున్నది. రాగిది, ఇద్దరు మోయదగినది. దాని ప్రక్క ఒకచోట సొట్ట యున్నది. ఆ సొట్ట సంగతి మేము చిన్నకోడండ్రముగా వచ్చినప్పటినుండి వినుచున్నదే యైనను ఆమె మరల చెప్పిరి. 1977 నవంబరు 19 న వచ్చిన ఉప్పెనలో దివిసీమ పల్లెలమీదికి సముద్రము వచ్చిపడెను. వేలకొలది జనము మరణించిరి. పశువులకు లెక్కయే లేదు. మా పెద్దత్తగారి కుటుంబము మేడయుండుటచేత బ్రతికెను. పాలేరు ముందుగా కొట్టములోనికి పరుగెత్తి ఎడ్ల పలుపులు కోసెను; అంతలో నీరు ముంచుకొనివచ్చెను. అతడు తాటిచెట్టు పట్టుకొని రాత్రియంతయు గడపెను. ఎడ్లు తిరిగి రాలేదు. నీరు తీసిన పిమ్మట ఒండ్రుమట్టిలో ఈ కాగు దొరికెను. అందులో మొదట కాచినది ఉలవలు కావు. ఇరుగుపొరుగువారి కందరికిని గంజి.

తరువాత మరియొక జతను కొనిరి. ఆ పిదప ట్రాక్టరు వచ్చెను. కాగు క్రింద నిప్పు ఆరిపోయెను. ఇంటిలో నేడు ఉలవచారు చేయవలెనన్న ఉలవలు ప్రత్యేకముగా కొనితేవలెను. పట్టణములలో అది సీసాలలో అమ్ముడగుచున్నది. పెండ్లివిందులలో మీగడతో వడ్డించుచున్నారు. భోజనశాలలలో ఉలవచారు బిరియానియు వచ్చినది. దానికి మేము విచారింపము. మంచి రుచి పదిమందికి చేరుట మేలే. కాని ఇంటి ఇల్లాలు “ఇది మన చేత కాదు, అంగడిలో కొనవలసినదే” యనుకొనుట మాత్రము సరికాదు. అందుచే పెద్దత్తగారిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, ఆమె చెప్పుచుండగా ఒక్కొక్కటియే కొలిచి ఆనాడు మేము వండితిమి. ఆ కొలతలు సోదరీమణులకు తెలుపుచున్నాము.

అర కిలో ఉలవలు తీసికొనవలెను. ఇందులో గింజతో సమానమైన సన్నని రాళ్ళుండును కనుక చేటలో పోసి శ్రద్ధగా ఏరవలెను. రెండుమూడు నీళ్ళు కడిగి, మూడు లీటర్ల మంచినీటిలో రాత్రియంతయు నానబెట్టవలెను. ఆ నానిన నీరు పారబోయరాదు. ఉదయమున ఆ నీటితోనే పొయ్యిమీద పెట్టి, గింజ వ్రేళ్ళ నడుమ మెత్తగా నలుగువరకు సన్నని సెగను రెండుమూడు గంటలు ఉడికింపవలెను. నీరు తగ్గినచో మరుగునీరే చేర్చవలెను. ప్రెషరు కుక్కరులోనైన ముప్పావు గంట చాలును. “కుక్కరైతే ఏం? ఉడకటం దాంట్లో కానియ్యి, మరగటం మాత్రం నిదానంగా కానియ్యి” యని పెద్దత్తగారే సెలవిచ్చిరి.

ఉడికిన పిమ్మట నీటిని వడకట్టవలెను. అదియే ఉలవకట్టు. గింజలలో గుప్పెడు మెత్తగా రుబ్బి కట్టులో కలిపినచో చిక్కదనము వచ్చును. పెద్ద నిమ్మకాయంత చింతపండు నానబెట్టి తీసిన పులుసును, ఉప్పును, పసుపును, చెంచాడు కారమును, చీల్చిన పచ్చిమిరపకాయలు నాలుగింటిని, తరిగిన ఉల్లిపాయను, చిన్న బెల్లపుముక్కను అందులో వేయవలెను. చింతపండు ముందుగా వేయుట పొరపాటు. పులుపు తగిలినచో గింజ త్వరగా మెత్తబడదు. మా యింట ఇన్నినాళ్ళు చారు కుదరకపోవుటకు ఇదియే కారణమని అప్పుడు తెలిసినది. తరువాత కట్టు సగమగువరకు సన్నసెగను మరుగనీయవలెను. చిక్కనైన కొలది అడుగంటును గాన గరిటె త్రిప్పుచునే యుండవలెను. చివర నేతిలో ఆవాలు, జీలకఱ్ఱ, ఎండుమిరపకాయలు, నలిపిన వెల్లుల్లి, కరివేపాకు వేసి తిరుగమోత పెట్టవలెను. వేడి యన్నములో ఈ చారు పోసి, పైన వెన్నగాని మీగడగాని వేసికొని తినవలెను. మరునాడు వెచ్చబెట్టిన రుచి ఇంకను హెచ్చును.

మిగిలిన గింజల సంగతి మరువరాదు. 100 గ్రాముల ఉలవలలో సుమారు 22 గ్రాముల మాంసకృత్తులుండును. వానిలో చాల భాగము చారులోనికి దిగక గింజలోనే నిలుచును. పూర్వము ఆ భాగము ఎద్దునకు పోయెడిది. ఎద్దు లేని యింట దానిని పారవేసినచో సారము పోగొట్టుకొని నీరు త్రాగినట్లగును. ఆ గింజలకు తిరుగమోత పెట్టి, కొబ్బరికోరు చల్లినచో పిల్లలు సాయంకాలము గుగ్గిళ్ళుగా ఇష్టపడి తిందురు. ఉలవ వేడి చేయునని పెద్దల మాట. ఆ భోజనము చివర మజ్జిగ మానరు.

ఈ గింజను ఆదరించినవారము మనమొక్కరమే కాము. కన్నడ సోదరీమణులు హురుళి సారు చేయుదురు. తమిళులు కొళ్ళు రసము చేయుదురు. గఢ్వాల్, కుమావూన్ కొండలలో దీనినే గహత్ అని పిలిచి, గడ్డకట్టు చలిలో పప్పుగా వండుకొందురు. ఇంగ్లీషువారు దీనికి గుఱ్ఱపు గింజ యని అర్థము వచ్చు పేరు పెట్టిరి. గుఱ్ఱమైనను ఎద్దైనను, బరువు లాగుదానికి పెట్టు మేతగానే లోకము దీనిని ఎరిగినది.

ఆనాడు చారు మరుగుచుండగా ఇంటి సామానుల పంపకమును జరిగెను. పట్టెమంచము, బోషాణము, ఇత్తడి బిందెలు ఒక్కొక్కటి తేలెను. కాగు వద్దకు వచ్చునప్పటికి మాట ఆగినది. పెద్ద కుమారుడు దానిని తూకమునకు అమ్ముదమనెను. చిన్న కుమారుడు తోమించి పట్టణపు ఇంటి ముందరిగదిలో పూలకుండీగా పెట్టుదుననెను. మా తోడికోడలికిని దానిమీద మనసున్నదని మాకు తెలియును. నిజము చెప్పవలెనన్న మాకును లేకపోలేదు. పెద్దత్తగారు చాలసేపు ఏమియు అనలేదు. పిదప, “అది నా పుట్టింటివాళ్ళు పెట్టింది. నేను ఇచ్చుకుంటాను” అనిరి.

ఆ పాలేరు గతించి చాలకాలమైనది. అతని కుమార్తె ఆ యూరిలోనే రెండు గేదెలను పెట్టుకొని పాలమ్మి జీవించుచున్నది. పెద్దత్తగారు ఆమెను పిలిపించి, “నీ గొడ్లకి ఉలవలు ఇందులో కాచుకోవే. వాటికి పెట్టాక, నీళ్ళతో నీ పిల్లలకి చారు పెట్టు” అనిరి. ఆమె కొంతసేపు కాగు సొట్టమీద చేయి పెట్టి నిలుచుండి, “ఇది మా నాయన రోజూ తోమిన కాగు, అమ్మగారూ” అనెను. కుమారులు మారుమాటాడలేదు. మాకును మనసు తేలికయయ్యెను. ఆ సాయంకాలము ఆ యింటివారికిని, ఎదురింటివారికిని పంచిన తరువాతనే మేము చారు పోసికొంటిమి.

పెద్దత్తగారు ఇప్పుడు బెజవాడలో కుమారునింట నున్నారు. మొన్న మా యింటికి వచ్చినప్పుడు మేము చేసిన చారు రుచి చూచి, “ఉప్పొక పిసరు తక్కువ” అనిరి, అంతకుమించి లోపమెన్నలేదు. మరల పోయుమని గిన్నె చాచిరి.

సోదరీమణులారా! చలి పోకముందే ఒక రాత్రి ఉలవలు నానబెట్టి చూడుడు. మన యిండ్లలో ఎడ్లు లేకపోవచ్చును. కాని మనకొరకు పనిచేయువారు లేకపోరు. గిన్నెలు తోము మనిషి తెల్లవారి చలిలో వచ్చి గుమ్మమున నిలిచినప్పుడు మొదటి గరిటె ఆమెకు పోయుడు. ఈ చారు ఆ వరుసలోనే పుట్టినది.