గరగరల వెనక ఓ పాట

రేడియోలో స్టేషన్ దొరికేలోపు వచ్చే గరగర గుర్తుంది కదా! అదెప్పుడు పోతుందా అని ముల్లును అటూ ఇటూ జరిపేవాళ్లం. అలాంటి చప్పుళ్లను పనిగట్టుకుని వినేవాళ్లూ, వాటితోనే కళను సృష్టించేవాళ్లూ ఉన్నారు. 1948లో పారిస్‌లో పియర్ షేఫర్ అనే రేడియో ఇంజినీరు రైళ్ల కూతల్నీ చక్రాల చప్పుళ్లనీ రికార్డు చేసి, ముక్కలుగా తీసుకుని, తిరిగి కూర్చి సంగీతమంటూ రేడియోలోనే వినిపించాడు. అక్కణ్నుంచి ఈ కళ చాలా దూరమే వచ్చింది.

ఎంత దూరమో నాకు తెలిసింది మా మేనల్లుడి పుణ్యమాని. 'అత్తా, ఇది కాస్త విను' అంటూ ఓ రాత్రి ఇయర్‌ఫోన్స్ చేతిలో పెట్టాడు. ఇంగ్లండ్‌కు చెందిన జేమ్స్ లేలండ్ కిర్బీ 'ది కేర్‌టేకర్' పేరుతో చేసిన 'ఎవ్రీవేర్ ఎట్ ది ఎండ్ ఆఫ్ టైమ్' అది. 2016 నుంచి 2019 వరకు ఆరు భాగాలుగా వచ్చింది. మొత్తం వినాలంటే ఆరున్నర గంటలు పడుతుంది. మతిమరుపు జబ్బు, అదే డిమెన్షియా, మనిషిని దశలవారీగా ఎలా కమ్మేస్తుందో శబ్దాల్లో చెప్పే ప్రయత్నమది.

మొదట్లో హాయిగానే ఉంటుంది. పాత గ్రామఫోన్ రికార్డుల్లోని డాన్సు బాణీలు, వాటి వెనక సన్నటి చిటపటలు. పోనుపోను అవే బాణీలు సాగుతాయి, తెగుతాయి, ఒకదాని మీద ఒకటి పడతాయి. నాలుగో భాగానికి వచ్చేసరికి ఏది ఏ పాటో తెలీదు. ఆరోదాంట్లో మిగిలేది దాదాపు హోరే. నాకు భయమేసింది. కొత్త చప్పుడికి ఉలిక్కిపడి ఊరుకుంటాం. తెలిసిన పాటే గుర్తుపట్టలేనట్లు మారిపోతే మాత్రం గుండె జారుతుంది. చూడలేకపోతే కళ్లు మూసుకోవచ్చు. చెవులకు రెప్పలు లేవాయె!

2020లో ప్రపంచవ్యాప్తంగా కుర్రకారు దీన్ని పూర్తిగా వినడమే ఓ పందెంలా పెట్టుకున్నారు. మావాడిదీ ఆ సరదానే అనుకుని 'ఎందుకురా ఈ గోల?' అన్నాను. 'నానమ్మకు లోపల ఎలా ఉంటుందోనని' అన్నాడు నెమ్మదిగా.

వాడి నానమ్మంటే మా అమ్మే. నాలుగేళ్లుగా ఒక్కొక్కటీ మరిచిపోతోంది. మా పేర్లు పోయాయి. సాయంత్రం దీపం పెట్టేవేళ పాడే మంగళహారతి మాత్రం ఉంది. అదీ పల్లవి వరకే. పల్లవి అయిపోగానే ఆగి, మళ్లీ మొదటికొస్తుంది. వచ్చిన చుట్టాలు తర్వాతి చరణం అందిస్తుంటారు. అందుకోలేక ఆవిడ ముఖం చిన్నబుచ్చుకుంటుంది.

కిర్బీ కూర్చినంత మాత్రాన జబ్బు లోపల అలాగే ఉంటుందని కాదు. అది బయటివాడి ఊహే. అయితే ఆ హోరు విన్నాక, అమ్మ పల్లవిలో నాకు పోయిన చరణాల కన్నా మిగిలిన నాలుగు ముక్కలే ఎక్కువగా వినిపిస్తున్నాయి. వాటిని పట్టుకుని ఉండటానికి ఆవిడ ఎంత కష్టపడుతోందో తెలుస్తోంది.

మావాడు ఆవిడకు చరణం అందించడు. పక్కన కూర్చుని పల్లవి అందుకుంటాడు. ఆవిడ మళ్లీ మొదలుపెడితే తనూ మొదలుపెడతాడు. పాట ఆగిపోయాక కూడా కాసేపు అక్కడే ఉంటాడు.